జరిగిన దినము, జరుపుకొను దినము

దినపత్రికల లోపలిపుటలలో ఒక మూల "చరిత్రలో ఈ దినము" అను శీర్షిక క్రింద నాలుగైదు పంక్తులు అచ్చగుచుండుటయు, వానిని చూచి బడిపిల్లలలో నొకరు ప్రార్థనావేళకు ముందే నల్లబల్లపై దిద్దుచుండుటయు మనకు చిరపరిచితములైన విషయములే. ఆ పంక్తులయందు రాజులు గద్దె నెక్కుదురు, యుద్ధములు ముగియును, నావికులు క్రొత్త తీరములు కనుగొందురు, మహాపురుషులు పుట్టుదురు, గిట్టుదురు. అయితే లోకమున జరిగిన అసంఖ్యాక సంఘటనలలో దేనికి తేదీ దక్కును, దేనికి దక్కదు, దక్కిన తేదీ ఎన్ని తరములు నిలుచును, దానిని నిలుపువారెవరు అను ప్రశ్నలు మాత్రము ఆ మూలలో ఇమడవు. వీనిని విచారించుటకు ఒక క్షేత్రము కావలెను. పూర్వపు కరీంనగరు జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములును, వాని చుట్టునున్న పల్లెలును ఇందులకు మిక్కిలి తగియున్నవి; ఏలయన నిజాము పాలన, సాయుధపోరాటము, రైతుకూలీ ఉద్యమము, మరమగ్గముల పరిశ్రమ, గల్ఫు వలసలు, ప్రత్యేకరాష్ట్రోద్యమము అన్నియు ఈ నేలమీదనే ఒకదానిపై నొకటి పొరలుగా పడియున్నవి, ప్రతి పొరయు తన తేదీలను తాను విడిచిపోయినది.

మొట్టమొదట గమనింపదగినది కాలగణన వైవిధ్యము. ఈ ప్రాంతమున తల్లిదండ్రుల ఆబ్దికము తిథిని బట్టి, పీరీల పండుగ హిజ్రీ చంద్రుని బట్టి, జీతము, పరీక్ష, ఎన్నిక ఇంగ్లీషు తేదీని బట్టి నడచుచుండ, పాత భూమిదస్త్రములు నేటికిని ఫసలీ లెక్కనే పలుకుచున్నవి. ఆజూరుతో మొదలై ఆబానుతో ముగియు పారసీక నామముల నెలలు గల ఆ ఫసలీ సంవత్సరమునకు నెలను బట్టి 590యో, 591యో కలిపినగాని మన సంవత్సరము రాదు. తరువాతి చరిత్రకారులు బంగారు అక్షరములతో వ్రాసికొన్న 1948 సెప్టెంబరు 17వ తేదీ, ఆనాటి జగిత్యాల తహసీలు కచ్చేరిలో కూర్చున్న గుమాస్తాకు 1357 ఫసలీలో చివరి నెలయగు ఆబానునందలి ఒక సామాన్యదినము మాత్రమే. పాత భూమిదస్త్రమగు సేత్వారు చేతబట్టుకొని కోర్టుకు పోవు రైతు ఈ రెండు లెక్కల నడుమ ఇప్పటికిని తిరుగాడుచునే యున్నాడు.

లెక్కలు వేరైనంత మాత్రమున జనులు చిక్కుపడుట లేదు. కొండగట్టు ఆంజనేయస్వామికి చైత్రపూర్ణిమనాడు చిన్నజయంతియు, వైశాఖ బహుళదశమినాడు పెద్దజయంతియు జరుగును. ఒక జననమునకు రెండు జయంతులేల యని మాలధారణ చేసిన దీక్షాపరుడెవడును అడుగడు. ప్రభుత్వమునకు మాత్రము ఈ సౌలభ్యము లేదు. 2016వ సంవత్సరము విజయదశమినాడు, అనగా అక్టోబరు 11న, తెలంగాణలోని పాత పది జిల్లాలు ముప్పదియొకటిగా చీలినప్పుడు జగిత్యాలయు, రాజన్న సిరిసిల్లయు జిల్లా కేంద్రములైనవి. సిరిసిల్ల మొదటి ముసాయిదాలో లేక, ప్రజల ఆందోళన పిమ్మట చేరినది. ఆ ముహూర్తము నెన్నుకొన్నది తిథిని బట్టి; ఆవిర్భావదినమును లెక్కించునది తేదీని బట్టి. మరుసటి యేటనే దసరా ఒకవైపునకును, అక్టోబరు 11 మరియొకవైపునకును జరిగిపోయినవి. జిల్లా పుట్టినది దసరానాడని ఊరివారు చెప్పుకొందురు. కచ్చేరి మాత్రము పదకొండవ తేదీని పట్టుకొనియున్నది. సంఘటన ఒక్కటే, దానిని తగిలించు కొక్కెములు రెండు.

ఈ పల్లెలలో ఏటేట స్మరింపబడుచున్న ప్రపంచచరిత్ర ఘటనలలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో నొకటి ఏదియని అడిగినచో, చదువుకొన్నవారు కొంత ఆలోచింతురేమో కాని, పల్లెవాడు ఏటేట దానిని కన్నులార చూచుచునే యున్నాడు. హిజ్రీ 61వ సంవత్సరము మొహర్రము నెల పదవ దినమున, అనగా క్రీస్తుశకము 680 అక్టోబరు 10న, ఇరాకు దేశమందలి కర్బలా మైదానమున ప్రవక్త మనుమడైన హుసేను తన పరివారముతో వధింపబడెను. పదమూడు శతాబ్దములు గడచిన పిమ్మట, వేల మైళ్ళ దూరమున, ముసల్మానుల ఇండ్లు నాలుగైదు మాత్రమే యున్న తెలంగాణపు ఊళ్ళలో సైతము పీరీల కొట్టము తెరచి, పెట్టెలోని పంజాలను తీసి తోమి, వానికి క్రొత్త దట్టీలు చుట్టి నిలబెట్టుచున్నారు. ముజావరు ఊదు వేయును. డప్పుల వారికి ఆ పదిదినములును విరామము లేదు. మ్రొక్కుకొన్న గృహిణి మలీద ముద్దలు చేసికొని వచ్చును. కొట్టము ముందరి అలావ గుండమునకు కట్టెలు తెచ్చువారు, పీరు నెత్తుకొని నిప్పులు తొక్కువారు, కడపటి దినమున నీటియొద్దకు సాగనంపువారు, ఎవరి పాలు వారికి కలదు. ఆ పాలును పంచుకొన్నవారిలో అధికులు హిందువులు. వీరిలో కర్బలా ఎచ్చటనున్నదో పటముపై చూపగలవారు అరుదు. అయినను ఆ దినము తప్పినది లేదు. హిజ్రీ చాంద్రసంవత్సరము సౌరసంవత్సరముకంటె పది పదకొండు దినములు తక్కువగుటచే ఆ పండుగ ఒక మారు నాట్లకాలమునను, ఒక మారు కోతకాలమునను, ఒక మారు ఎండలలోను వచ్చును. ఎప్పుడు వచ్చినను ఊరు దానికి చోటిచ్చుచున్నది. ఒక స్మృతి ఇట్లు నిలుచుటకు కారణము దానిని గూర్చిన జ్ఞానము కాదు, దానియందు ప్రతివానికి ఒక పని యుండుట. ఈ సమీక్షకు ఇదియే ఒరగల్లు.

పాశ్చాత్యదేశముల చరిత్రయు ఈ మాటకు సాక్ష్యమిచ్చుచున్నది. 1605 నవంబరు 5న లండనులో పార్లమెంటు భవనమును తుపాకిమందుతో ప్రేల్చివేయదలచిన కుట్ర బయటపడినప్పుడు, ఆ దినమున కృతజ్ఞతా ప్రార్థనలు జరుపవలెనని చట్టము చేసిరి. రెండున్నర శతాబ్దములకు, 1859లో, ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయినను మంటలు పోలేదు. కట్టెలు ప్రోగుచేయుట, బొమ్మను తగులబెట్టుట, బాణసంచా కాల్చుట యను పనులు పిల్లలచేతిలో ఉన్నంతకాలము నవంబరు 5కు మరణము లేకపోయెను. ఫ్రాన్సు దేశమువారు 1880లో జులై 14ను జాతీయదినముగ చట్టబద్ధము చేసినప్పుడు, అది 1789నాటి బాస్టీలు కోట ముట్టడికా, మరుసటి యేడు అదే తేదీన జరిగిన సమైక్యోత్సవమునకా యను తగవు వచ్చినది. రక్తపాతము నిష్టపడనివారు రెండవదానిని, విప్లవమును ప్రేమించువారు మొదటిదానిని తలచుకొని ఒకే దినమున పండుగ జరుపుకొనిరి. రష్యాలో అక్టోబరు విప్లవోత్సవము నవంబరు 7న జరుగుటకు పంచాంగము మార్పే కారణము. తేదీ యనునది సంఘటనకు సహజముగ అంటియుండు గుణము కాదనియు, తరువాతివారు తమ అక్కరకొలది ఎన్నుకొని అంటించునదనియు దీనివలన తేటపడుచున్నది.

మనయొద్ద ఈ ఎన్నిక ఎంత వివాదాస్పదమో సెప్టెంబరు 17 చెప్పును. 1947 నవంబరు 29న నిజాము భారతప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము సరిహద్దు దాటెను. 17న నిజాము రేడియోలో యుద్ధవిరమణ ప్రకటించెను. 18న నిజాము సేనాపతి ఎల్ ఎద్రూస్, భారతసైన్యపు మేజరు జనరలు చౌదరికి లాంఛనముగ లొంగిపోయెను. 1950 జనవరి 26న నిజాము రాజప్రముఖుడాయెను. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ సాయుధపోరాటమును విరమించెను. ఈ ఆరు తేదీలలో దేనితో రాజ్యము మారినదని చెప్పవలెను? రాజుగారి దృష్టితో చూచువానికి ఒకటి, సైనికునికి మరియొకటి, రాజ్యాంగవేత్తకు ఇంకొకటి, అడవిలోనున్న దళసభ్యునికి వేరొకటి. సిరిసిల్ల ప్రాంతమునకు చెందిన గాలిపెల్లి నివాసి బద్దం ఎల్లారెడ్డి వంటి కమ్యూనిస్టు నాయకుని జీవితమును ముందుంచుకొని చూచినచో సెప్టెంబరు 17 కథకు ముగింపు కానే కాదు. పటేలు పట్వారీల దస్త్రములను తగులబెట్టించుచు ఊరూర తిరిగిన అనభేరి ప్రభాకరరావు దళము హుస్నాబాదు దాపున మహమ్మదాపురము గుట్టలలో ఒరిగిపోయిన 1948 మార్చి 14వ తేదీయే ఈ పూర్వపు జిల్లాకు సన్నిహితమైనది. రాష్ట్రమంతట తెలిసినది మాత్రము సెప్టెంబరు 17.

ఆ ఒక్క దినమునకే నేడు ఎన్ని పేర్లు గలవో చూడుడు. ఒకే హైదరాబాదు రాజ్యము మూడు ముక్కలై మూడు రాష్ట్రములలో కలియగా, మరాఠ్వాడావారు దానిని ముక్తిసంగ్రామ దినముగ ప్రభుత్వపక్షమున జరుపుకొనుచున్నారు. కర్ణాటకమువారు విమోచనదినముగ జరిపి, 2019 నుండి కల్యాణ కర్ణాటకోత్సవమనుచున్నారు. తెలంగాణలో మాత్రము చిరకాలము ప్రభుత్వము మౌనము వహించి, 2022లో సమైక్యతా వజ్రోత్సవములని మూడు దినములు జరుపగా, అదే యేడు కేంద్రప్రభుత్వము విమోచన దినోత్సవమని హైదరాబాదు పరేడు మైదానమున వేరుగ జరిపెను. 2024లో రాష్ట్రమందలి క్రొత్త ప్రభుత్వము దానినే ప్రజాపాలన దినోత్సవమనెను. విలీనమనువారు, విద్రోహమనువారు వీరికి తోడు. ప్రభుత్వము మారినప్పుడెల్ల పేరు మారుచున్నను కలెక్టరు కార్యాలయము ముందు జరుగు పని మాత్రము ఒక్కటే: జెండా, వందనము, ప్రసంగము, మిఠాయి. ప్రజలకు వినుట తప్ప వేరొక పని అందులో లేదు. ఆ సెప్టెంబరు తరువాతి వారములలో, ముఖ్యముగ మరాఠీ, కన్నడ జిల్లాలలో, ముసల్మాను పౌరులకు జరిగిన హింసను విచారించిన సుందరలాల్ సంఘపు నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడకుండుటయు ఈ దినపు చరిత్రలో భాగమే. ఏ పేరు పెట్టినను దానిని చోటులేనిదిగా చేయరాదు.

జగిత్యాలకు తనదియే యైన ఒక సెప్టెంబరు కలదు. అత్యవసరస్థితి ముగిసిన పిమ్మట విద్యార్థులు, యువకులు వేసవి సెలవులలో పల్లెలకు తరలిపోయి, దొరల గడీలయందు సాగుచున్న వెట్టి, ఊరి పంచాయతీలలో వసూలగుచున్న దండుగలు, దొరల క్రింద చిక్కిన ప్రభుత్వ బంజరు భూములు, జీతగాండ్రకు ముట్టు కూలి అను నాలుగు విషయములపై రైతుకూలీ సంఘములను కట్టిరి. వెట్టిచాకిరిని నిషేధించు కేంద్రచట్టము 1976లోనే వచ్చినను, అది గడి గుమ్మము దాటి లోనికి పోలేదు. 1978 సెప్టెంబరు 7న పల్లెపల్లె నుండి పదులవేల జనము జగిత్యాలకు నడచివచ్చిరి. ఆనాటి ఊరేగింపే జగిత్యాల జైత్రయాత్ర. దొరయింటికి చాకలి, మంగలి, పాలేరు పోరాదను సాంఘిక బహిష్కారము ఊరూర ప్రాకగా దొరలు కొందరు గడీలు విడిచి పట్టణములకు చేరిరి. ఇది జరిగిన నెలన్నరలోపల, అక్టోబరులో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించెను. ఒక పక్షము సెప్టెంబరును, మరియొక పక్షము అక్టోబరును గుర్తుంచుకొనుట సహజమే.

ఉద్యమములకును పంచాంగము మీద మక్కువ మెండు. మార్క్సిస్టు లెనినిస్టు పార్టీ 1969లోను, దాని శాఖయైన పీపుల్స్‌వార్ పక్షము 1980లోను ఏప్రిల్ 22నే ఏర్పడుటకు హేతువు ఆనాడు లెనిను జయంతి యగుటయే. మొదటి పార్టీ నాయకుడు చారు మజుందారు 1972లో మరణించిన జులై 28 మొదలు అమరవీరుల వారము వచ్చును. 1999 డిసెంబరు 2న రెండవ పక్షపు ముగ్గురు నాయకులు హతులైన పిమ్మట డిసెంబరు నెలలో మరియొక వారము చేరెను. ఈ వారములయందు పల్లెలలో గోడలమీద ఎర్రరాతలు వెలసెడివి; అంతకంటె ఎక్కువ పని పోలీసులకు పడెడిది. కల్వర్టుల క్రింద తనిఖీలు, రాత్రి బస్సుల నిలుపుదల, ప్రజాప్రతినిధులకు హెచ్చరికలు, రోడ్లపై నాకాబందీలు. శత్రువు పండుగను ఇంత శ్రద్ధతో జ్ఞాపకముంచుకొన్న శాఖ మరియొకటి యుండదు. గోదావరి కావల ఇంద్రవెల్లియందు 1981 ఏప్రిల్ 20న గోండు గిరిజనులపై కాల్పులు జరిగెను. మృతులు పదుమువ్వురని ప్రభుత్వము, అంతకు పలురెట్లని పౌరహక్కులవారు చెప్పిరి. అచట లేచిన స్మారకస్తూపము కూల్చబడి, మరల కట్టబడెను. చాల యేండ్లు ఆ దినమున నిషేధాజ్ఞలు విధించి పుష్పములు సమర్పించుటను సైతము అడ్డగించిరి. స్మరణమును నిషేధించిన ప్రతి యేడును ఆ తేదీని మరింత గట్టిగ గుర్తుచేసినట్లే యైనది.

సిరిసిల్లకు వచ్చినచో తేదీలకు నూలు వాసన పట్టును. ఆగస్టు 7ను తీసికొందము. 1905లో ఆనాడు కలకత్తా టౌనుహాలులో స్వదేశీ ప్రకటన జరిగెను. 1947లో ఆనాడే హైదరాబాదు స్టేటు కాంగ్రెసు 'భారతమున చేరుము' అను దినమును పాటించెను. 1990లో ఆనాడే వెనుకబడిన తరగతులకు కేంద్రోద్యోగములలో రిజర్వేషన్లను ప్రధాని విశ్వనాథ ప్రతాపసింగు పార్లమెంటులో ప్రకటించెను. 2015 నుండి ఆనాడే జాతీయ చేనేత దినము. పద్మశాలీలు అధికముగ నివసించు ఈ పట్టణమునకు ఈ నాలుగును సంబంధించినవే. విలీనోద్యమము ఇచటివారిది, వెనుకబడిన తరగతి ఇచటివారిది, నేత ఇచటివారిది. అయినను ఆనాడు సన్మానములందుకొను చేతిమగ్గపు వృద్ధులు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవారు మాత్రమే; పట్టణమంతట మ్రోగునది మరమగ్గము. యజమాని, ఆసామి, కార్మికుడు, వార్పింగు, వైపని వారు అను వరుసగా సాగు ఆ పరిశ్రమకు చేనేత దినము చుట్టపు చూపు వంటిది.

మరమగ్గము కార్మికుని అసలు పండుగ మేడే. 1886 మే 1న చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినమునకై సమ్మె కట్టిరి. బాస్టీలు శతజయంతి దినమైన 1889 జులై 14న పారిసులో సమావేశమైన సోషలిస్టుల మహాసభ ఆ దినమును లోకమంతట పాటించుటకు నిర్ణయించెను. ఒక వార్షికోత్సవము కడుపున మరియొకటి పుట్టినది. 1923లో మద్రాసున సింగారవేలు చెట్టియారు దానిని మన దేశమున మొదట జరిపెను. సిరిసిల్లలో అది మీటరు కూలి ధరయొక్క దినము. ఎర్రజెండా ఎగిరిన పిమ్మట కూలిరేటు, పని గంటలు, ఆర్డర్ల మాటలు రాకుండ సభ ముగియుట అరుదు.

వార్షికోత్సవము తానే ఒక ఆర్డరై సిరిసిల్లకు వచ్చిన సందర్భమును గూడ చెప్పవలెను. పాలియెస్టరు బట్టతో, యంత్రముపై నేసిన జాతీయపతాకములను సైతము అనుమతించుచు కేంద్రము 2021 డిసెంబరు 30న పతాకనియమావళిని సవరించెను. ఆ మరుసటి ఆగస్టులో స్వాతంత్ర్య వజ్రోత్సవములకు ఇంటింటికి జెండాలు పంచుటకై కావలసిన బట్టలో కొంత సిరిసిల్ల మరమగ్గములపై తయారైనది. గాంధీమహాత్ముడు రాటముపై వడకి నిలబెట్టిన ఉద్యమమునకు జ్ఞాపకముగ ఎగురు జెండా ఖాదీదా, పాలియెస్టరుదా యని తర్కించువారు పొరుగుననున్న మెట్‌పల్లి ఖాదీవారి పక్షము వహింతురు. పస్తులు ఎరిగిన మగ్గము మాత్రము ఏ నూలు పోసినను కాదనదు. 2017 మొదలు కొన్నియేండ్లు ఏటేట దాదాపు కోటి బతుకమ్మ చీరల నేతయు ఇట్లే ఈ పట్టణమునకు పనిదినములు కూర్చినది. ప్రభుత్వోత్సవమునకు పని జోడైనప్పుడు దాని తేదీ ప్రజలకు ఎట్లు గుర్తుండునో దీనివలన తెలియుచున్నది. ఆర్డరు నిలిచిన యేడు ఆ గుర్తు మరింత కటువగును.

సెప్టెంబరు 11 అనగనే లోకము 2001లో న్యూయార్కు నగరపు జంటభవనములను తలచును. దక్షిణ అమెరికావారు 1973లో చిలీ అధ్యక్షుడు అలెండే సైనికుల తిరుగుబాటులో మరణించుటను తలతురు. మన దేశమున వివేకానందుని 1893నాటి చికాగో ప్రసంగమును తలతురు. కొడిమ్యాల మండలమున ఆ దినము వేరు. 2018 సెప్టెంబరు 11 మంగళవారము. ఆంజనేయునకు ప్రియమైన వారమగుటచే కొండగట్టు భక్తులతోను, జగిత్యాలకు పనులపై పోవు పల్లెవారితోను క్రిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ఘాటుదారి మలుపున అదుపుతప్పి లోయలో పడెను. అరువదిమందికి పైగ మరణించిరి. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగరు వంటి ఊళ్ళలో ఒకే వాడలో పలు ఇండ్ల ముందర ఒకేనాడు పాడెలు కట్టిరి. న్యూయార్కునందును, చిలీయందును, ఇచటను ఆ దినము మంగళవారమే యగుట కాకతాళీయము. కాని ఒక ముఖ్యవిషయమును ఇది చూపుచున్నది. బడిపిల్లవాడు నల్లబల్లపై న్యూయార్కును వ్రాయును, ఇంటికి పోయి అమ్మమ్మ పటమునకు దండ వేయును. ఈ రెండు సెప్టెంబరు 11లకు అతని పుస్తకమున ఒక చోట కలియు తావు లేదు. పైగా ఇంటివారు సంవత్సరీకము తిథిని బట్టి జరుపుదురు కనుక, ఆ తేదీనాడు సభ, ఆ తిథినాడు పిండము. మొదటిదానికి విలేకరులు వత్తురు, రెండవదానికి బంధువులు.

ఇంతవరకు తేదీ గలవానిని చూచితిమి. ఈ మూడు పట్టణముల బ్రతుకును నిజముగ మార్చివేసిన సంఘటనలలో పెక్కింటికి తేదీయే లేదు. 1963 జులై 26న పోచంపాడువద్ద ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసినట్లు శిలాఫలకము చెప్పును. కాని ఆ ప్రాజెక్టునుండి వచ్చు కాకతీయ కాలువ నీరు తమ పొలములోనికి మొదట పారిన దినమును కోరుట్ల, జగిత్యాల రైతులెవరును పండుగ చేయరు. "కాలువ నీళ్ళు వచ్చిన యేడు" అనియే పెద్దలు పెండ్లిండ్లకును, పుట్టుకలకును లెక్క చెప్పుదురు. మెట్టపంటల నేల వరిపొలమగుట, పసుపు, చెరకు విస్తరించుట, కూలివారు వలసవచ్చుట, ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ వెలయుట, 2015లో అది మూతపడుట, వీని కన్నిటికి మూలమైన ఆ నీటికి జయంతి లేదు.

అట్లే 1973 అక్టోబరున అరబ్బు దేశములు చమురును ఆయుధముగ చేసికొన్న వార్తను ఆనాడు కోరుట్లలో చదివినవారెందరుందురు? ధరలు పెరిగి ఆ దేశములలో ధనము పోగుపడగా, కట్టడములకు కూలీలు కావలసివచ్చి, పదియేండ్లలో ఈ పల్లెలనుండి యువకులు దుబాయి, మస్కట్టు, కువైటు దారి పట్టిరి. అకామా, ఔట్‌పాసు, కల్లివెల్లి వంటి గల్ఫు మాటలు బీడీలు చుట్టు ఆడువారి నోటికి సైతము అలవడెను. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటులో ప్రవేశించిన పిమ్మట దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానములలో తరలించుట ప్రపంచవిమానయాన చరిత్రలో ప్రసిద్ధము. తిరిగివచ్చినవానికి అది చరిత్ర కాదు, అప్పు తీరకమునుపే తెగిన జీతము. అదే యేడు డిసెంబరు 18న వలసకార్మికుల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి ఆమోదించెను. 2000 నుండి ఆ దినము అంతర్జాతీయ వలసల దినము. లోకమున ఆ దినమును పాటింపదగిన అర్హత గల ఊళ్ళలో ఈ ప్రాంతపు ఊళ్ళు ముందువరుసలోనివి. ఇచట మాత్రము ఆ దినము కొన్ని వినతిపత్రములతో గడచిపోవుచున్నది.

తేదీకి తోడు అంకెలయందును మనకు మోజు కలదు. ఇరువదియైదు, ఏబది, అరువది, డెబ్బదియైదు, నూరు: ఈ మజిలీలు వచ్చినగాని పుస్తకములు అచ్చుకావు, విగ్రహములు లేవవు. 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాముకు 1936లో ఇరువదియైదేండ్లు నిండినను, చక్రవర్తి అయిదవ జార్జి మరణించినందున రజతోత్సవము 1937కు వాయిదా పడెను. ఏలినవారి లెక్కలో ఇరువదియైదనునది ఇరువదియారుకూడ కాగలదు. 2022నాటి సమైక్యతా వజ్రోత్సవములు డెబ్బదియైదవ యేటి ఆరంభమున జరిగినవి, పూర్తియైన పిమ్మట కాదు. షష్టిపూర్తిని అరువది నిండినగాని చేయని మనవారు, రాజ్యకార్యములలో అంకె కనబడిన తోడనే తొందరపడుట గమనార్హము. మజిలీయేడు దాటిన వెంటనే, ఏబదియొకటవ సంవత్సరమున, అదే సంఘటన అనాథ యగును. ఎన్నియేండ్లు నిండినవను లెక్కయే ముఖ్యమైనప్పుడు ఏమి జరిగినదను విచారణ వెనుకబడుట తప్పదు.

ఈ సమీక్షనుండి తేలు సారాంశము ఇది. స్మారకదినములు నాలుగు తెగలు. రాజ్యము విధించినవి రాజ్యముతో పేరు మార్చుకొనును. ఉద్యమము నిలిపినవి ఉద్యమము నడచినంతకాలము, కొన్ని సందర్భములలో నిషేధము నడచినంతకాలము, నిలుచును. వృత్తినిబట్టి వచ్చినవి పని దొరకినంతకాలము నిలుచును. దుఃఖమునుబట్టి వచ్చినవి ఆ యింటి తరము నిలిచినంతకాలము నిలుచును. వీనినన్నిటిని దాటి శతాబ్దములు నిలిచినది పీరీల పండుగ వంటిది మాత్రమే. ఏలయన అందులో శ్రోత లేడు, అందరును కర్తలే. హిరోషిమావారు ఏటేట ఆగస్టు 6న, ఆ బాంబు దెబ్బ తిని ఆ సంవత్సరము కాలధర్మము చెందినవారి పేర్లను పట్టికకు చేర్చి స్మారకసమాధియందుంచుచున్నారు. ఆ పేర్లు సేకరించుట, సరిచూచుట, చేతితో వ్రాయుట అను పని యున్నందువల్లనే ఆ దినము ప్రసంగములతో అరిగిపోలేదు.

మన దినములకును ఇట్టి పనులు కల్పించుట దుర్లభము కాదు. 1948లో పదేండ్ల ప్రాయమున నిజాము పక్షపు రజాకార్లను, సైన్యమును కన్నులార చూచినవారు నేడు తొంబదికి చేరువైరి. సెప్టెంబరు 17న కళాశాల విద్యార్థులను వేదిక ముందు కూర్చుండబెట్టుటకు మారుగ, ఊరికొక జట్టుగ వారి యిండ్లకు పంపి, విమోచనమని చెప్పువాని వాఙ్మూలమును, విద్రోహమని చెప్పువాని వాఙ్మూలమును, ఇల్లు కోల్పోయిన ముసల్మాను వృద్ధురాలి వాఙ్మూలమును అట్లే వ్రాయించినచో, దినము పేరు ఏదియైనను నష్టము లేదు. సెప్టెంబరు 7న వెట్టి చేసినవారి, చేయించుకొన్నవారి సంతతులు తమ ఊరి సేత్వారును, పహాణీని ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఏ బంజరు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో చదువవచ్చును. డిసెంబరు 18న గ్రామపంచాయతీ తన ఊరినుండి గల్ఫునకు పోయినవారి పట్టికను సరిచేసికొనవచ్చును. ఎవరు తిరిగివచ్చిరి, ఎవరి జీతము రావలసియున్నది, ఎవరి జాడ తెలియరాలేదు అనునవి ఆ పట్టికలో మూడు వరుసలు. సెప్టెంబరు 11న ఘాటుదారిని, బస్సులను, వానిలో ఎక్కు జనుల సంఖ్యను పరీక్షించి ఫలితమును ఊరి చావడిలో అంటించుటకంటె ఆ మృతులకు తగిన తద్దినము వేరొకటి లేదు. జరిగిన దినమును మార్చుట ఎవరివశమును కాదు. జరుపుకొను దినమున ఎవరెవరు ఏ పని చేయవలెనో నిర్ణయించుట మాత్రము సంపూర్ణముగ మన వశమందున్నది, ఆ నిర్ణయము లేని యుత్సవమునకు వెచ్చించు ప్రభుత్వధనము పందిళ్ళవారికి, మైకులవారికి చేరునే గాని చరిత్రకు చేరదు.